సంపాదకుని మాట: విశ్వాసం ముందా, పని ముందా?

రక్షణ విశ్వాసం వల్లనేనన్నాడు పౌలు. పని కనబడని విశ్వాసానికి ప్రాణం లేదన్నాడు యాకోబు. లూథర్ కాలంలో ఐరోపా చీలింది ఈ పేచీ మీదే. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు రాజీకొచ్చారు: రక్షణ కృప వల్ల, సత్క్రియలు దాని ఫలాలు. 2006లో మెథడిస్టులూ చేరారు. మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ కాథలిక్ మేత్రాసనం ఏర్పడిందీ 1999లోనే. కరీంనగర్ సీఎస్ఐ సంఘాలదేమో వెస్లియన్ మెథడిస్టు వారసత్వం. అంటే ఆ రాజీ మనకేమీ పరాయిది కాదు.

అయినా నా మనసు నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లి మీదే ఉంది. వెస్లియన్ మిషన్ తరఫున వచ్చిన స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, భర్త జార్జ్‌తో కలిసి 1915లో అక్కడ కుష్టు ఆసుపత్రి తెరిచింది. ఊళ్ల నుంచి వెళ్లగొట్టినవాళ్లకు అక్కడ మంచం దొరికింది, తర్వాత చాల్‌మూగ్రా నూనె సూదిమందూ దొరికింది. ఆమెది విశ్వాసఫలమే అనుకుందాం. మరి ఆ ఆసుపత్రికి పెద్ద విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఆయన పని ఏ విశ్వాసానికి ఫలం? ఆగ్స్‌బర్గ్ పత్రం దీని జోలికి పోలేదు. ఈ సంచికలో మా వ్యాసకర్తలు దాని జోలికి పోయారు. ఒకరితో ఒకరు బొత్తిగా ఏకీభవించలేదు. నేనూ కలపబోలేదు.