సిగ్గు విడిచి చెప్పవలసిన మాట

మన పెద్దలు మోకాళ్ళ నొప్పిని గూర్చి పదిమందిలో చెప్పుకొందురు. మలములో నెత్తురు కనబడిన సంగతి మాత్రము ఇంటిలోనైనను చెప్పరు. చెప్పినను "మొలలే, వేడి చేసినది" అని మజ్జిగ త్రాగి ఊరకుందురు. ఈ మౌనమును గూర్చియే నేడు మేము వ్రాయుచున్నాము.

నెత్తురు కనబడినంత మాత్రమున అది పెద్దప్రేగు క్యాన్సరు కాదు. మొలలే కావచ్చును. కాని ఆ నిర్ణయము చేయవలసినవారు వైద్యులు, మనము కాము. వారముల తరబడి విరేచనపు తీరు మారియుండుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత కూడ ఉపేక్షింపదగినవి కావు.

అసలు, బాధ కలుగువరకు ఆగవలసిన పనియే లేదు. ఈ వ్యాధి సాధారణముగా ప్రేగు లోపలి పొరపై చిన్న బుడిపెగా మొదలగును. దీనిని వైద్యులు పాలిప్ అందురు. అది క్యాన్సరుగా మారుటకు తరచుగా పది సంవత్సరములు పట్టును. ఆలోగా కొలనోస్కోపీ చేసి కనుగొన్నచో అప్పుడే తొలగింపవచ్చును. మలములో కంటికి కనబడని నెత్తురును పసిగట్టు పరీక్ష మరింత తేలిక. నమూనా ఇంటివద్దనే తీసి పంపవచ్చును. అందు నెత్తురున్నట్లు తేలినవారికి కొలనోస్కోపీ తప్పదు. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేలమందికి పైగా పాల్గొన్న పరిశీలన ఫలితములు 1993లో వెలువడినవి. ఏటేట ఇట్టి మలపరీక్షకు పిలువబడినవారిలో ఈ క్యాన్సరు మరణములు మూడవ వంతు తగ్గినవి.

మన జాతీయ కార్యక్రమము నోటి, రొమ్ము, గర్భాశయ ముఖ క్యాన్సర్ల పరీక్షలతో మొదలైనది. పెద్దప్రేగు ఆ మూడింటిలో లేదు. కావున పిలుపు వచ్చునని కూర్చుండక మనమే అడుగవలెను. అమెరికా నిపుణులు 2021లో పరీక్షలు మొదలిడు వయస్సును 50 నుండి 45కు తగ్గించిరి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియున్నచో ఇంకను ముందుగనే వైద్యుని సలహా పొందవలెను. తాతగారు "కడుపులో గడ్డ"తో పోయిరని మాత్రమే చెప్పుకొను కుటుంబములు, ఆ గడ్డ యేమిటో బంధువుల నడిగి తెలిసికొనుట మంచిది.

మనవారికి మరియొక చిక్కు కలదు. బజారులో, కచేరీలో తమిళమో కన్నడమో ఒడియామో మరాఠీయో తడబడక మాటలాడు పెద్దలకును, శరీరబాధ చెప్పవలసివచ్చినప్పుడు ఇంటి మాటయే నోటికి వచ్చును. వైద్యుని యెదుట ఆ మాటకు సాటి మాట తోచక, ప్రక్కనున్న కొడుకునో కోడలినో చూచి సిగ్గుపడి, "కడుపు బాగులేదు" అని సరిపెట్టుదురు. అందుచే ఎప్పటినుండి, ఎన్నిసార్లు, నెత్తురు ఏ రంగు అను సంగతులు ఇంటివద్దనే అడిగి, వైద్యునికి తెలిసిన భాషలో కాగితముపై వ్రాసి వెంట పంపుడు.

పాఠకులు ఈ వారమే తమ యిండ్లలో ఈ ప్రస్తావన తేవలెనని మా విన్నపము.