ఉత్తరాన వెలుగు, గండిలో తోరణం

ఈ మధ్య ప్రొద్దుటూరు పెళ్ళిళ్ళలో చేతులు మారే ఫోన్లలో ఫోటోలు మారాయి. దుబాయిలో ఎత్తైన మేడ ముందు నిలబడి తీయించుకున్నది పాతబడింది. నయాగరా కూడా పాతబడింది. ఇప్పుడు మోకాటి లోతు మంచు, కళ్ళు తప్ప ఇంకేమీ కనపడని దుస్తుల్లో ఇద్దరు మనుషులు, వెనక ఆకాశంలో ఆకుపచ్చని వెలుగు. "ఎడమ పక్కన మా నాయన, కుడి పక్కన మా అమ్మ" అని చెబితే తప్ప పోల్చుకోలేం. చూసినవాళ్ళు మొదట అడిగేది ఎంతయిందని. ఆ తర్వాత, అంత చలిలో ఎట్లున్నారప్పా అని.

అడగాల్సిన ప్రశ్నే. మే నెలలో 44, 45 డిగ్రీలకు అలవాటుపడ్డ నేల ఇది. డిసెంబరు తెల్లవారుజామున 17 డిగ్రీలకు దిగితే చాలు, జమ్మలమడుగు బస్టాండులో మంకీ టోపీలు బయటికొస్తాయి. కడప జిల్లాకు విదేశమంటే చాలాకాలం కువైటే. ఎండలోంచి బయల్దేరి ఎండలోకే దిగిన జనం. అక్కడ డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పనివాళ్ళుగా కష్టపడి చదివించిన పిల్లలు కొందరు జర్మనీకో స్వీడన్‌కో చేరుకున్నారు. చలికాలం సెలవులకు అమ్మానాన్నల్ని పిలిపించుకుని ఆర్కిటిక్ వలయం దాటిస్తున్నారు. పిల్లలు బయట లేకపోయినా, వ్యాపారం కాస్త కలిసొచ్చిన ఏడాది హైదరాబాదు ట్రావెల్స్ వాళ్ళ ద్వారా బయల్దేరే జంటలూ ఉన్నాయి.

వెళ్ళేది ఎక్కువగా నార్వేలోని ట్రోమ్సోకు, ఫిన్లాండులోని రొవానియెమికి, స్వీడన్‌లోని కిరునాకు, దానికి పైనున్న అబిస్కోకు. ఖర్చు తగ్గుతుందని రష్యాలోని ముర్మాన్స్క్‌కు పోయేవాళ్ళూ ఉన్నారు. యూరప్ దారి పడితే షెంగెన్ వీసా రుసుమే 2024 జూన్ నుంచి మనిషికి 90 యూరోలు. ట్రోమ్సోలో నవంబరు ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా పొద్దే పొడవదు. మిట్టమధ్యాహ్నం కాసేపు నీలి మసక వచ్చి పోతుంది. టిఫిను తిన్నా చీకటే, అన్నం తిన్నా చీకటే. పెట్టెలో సర్దుకెళ్ళిన చెనిక్కాయల పొడి ఆ చీకట్లో చాలా అక్కరకొస్తుందని వెళ్ళొచ్చినవాళ్ళ మాట. నేతకూ పత్తి వ్యాపారానికీ పేరుపడ్డ ప్రొద్దుటూరు మనిషికి అక్కడ చేసే మొదటి హెచ్చరిక, లోపల నూలు బట్ట వేసుకోవద్దని. చెమటకు తడిసిందంటే ఒంటి వేడినంతా నూలు లాగేస్తుంది. ఒంటికి ఆనేది ఉన్నిదే కావాలి. ఫోను బ్యాటరీ కూడా సగం ఉన్నట్టు చూపిస్తూనే చలికి ఠక్కున ఆగిపోతుంది. లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

పగటి పూట, దాన్ని పగలనగలిగితే, మంచు ఆటలు. హ్యాండిలూ యాక్సిలరేటరూ ఉంటాయి గనుక స్నోమొబైలు మన కుర్రాళ్ళకు వెంటనే పట్టుబడుతుంది. గడ్డకట్టిన సరస్సుకు బెజ్జం కొట్టి గాలం వేసి కూర్చోవడం పెద్దవాళ్ళకు. అయితే ఎవరిని కదిపినా చెప్పేది కుక్కల బండి గురించే. హస్కీలను జోడు జోడుగా తాళ్ళకు కట్టేటప్పుడు అవి చేసే గోలకు పక్కమనిషి మాట వినపడదట. మొరుగుతాయి, ఎగురుతాయి, కట్టిన తాడును కొరుకుతాయి. తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి ఎద్దుల్ని నిలబెట్టినప్పుడు వాటి మెడల్లో కనిపించే ఆత్రమే అది. బండి కదిలిన మరుక్షణం మాత్రం అన్నీ నోరు మూస్తాయి. ఆ తర్వాత వినిపించేది మంచు మీద బండి అడుగు చెక్కలు జారే చప్పుడు, కుక్కల ఊపిరి. వెనక నిలబడ్డ మనిషికి ఉన్న పెద్ద పని బ్రేకు మీద కాలు పెట్టి ఉంచడం. పరుగెత్తమని వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెయిన్‌డీర్ బండి ఇంత హడావుడి చేయదు, దాని నడక దానిది. ఆ మందల్ని తరతరాలుగా మేపుతున్న సామీ ప్రజలు వచ్చినవాళ్ళను నిప్పు చుట్టూ కూర్చోబెట్టి వేడి వేడి పులుసు పోసి, తమ సంగతులు చెబుతారు. ఆ సంగతులన్నీ వినోదం కోసం చెప్పేవి కావు. మేత భూముల్లో గాలిమరలు లేచాయని వాళ్ళు కోర్టుకెక్కితే, ఫోసెన్ గాలిమరల అనుమతులు సామీల హక్కులకు భంగమని నార్వే సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది. గొర్రెల మంద తోలుకుని ఊరూరా తిరిగే మన సీమ కాపరికి ఆ గొడవ ఒక్క మాటలో అర్థమవుతుంది.

అసలు పని రాత్రిది, ధ్రువకాంతి కోసం వేట. వ్యాన్లో ఎక్కించుకుని మబ్బులేని చోటు వెతుక్కుంటూ వంద కిలోమీటర్లయినా తిప్పుతారు, ఒక్కోసారి దేశం సరిహద్దు దాటిస్తారు. ఊరి దీపాలు పూర్తిగా వెనకబడ్డాక దింపి, టార్చీలు ఆర్పమంటారు, ఫోను తెరలు ఆర్పమంటారు. ఇక ఎదురుచూపే. మైనస్ 20లో గంట, రెండు గంటలు. కనపడుతుందని ఎవరూ మాటివ్వరు, అంత దూరం పోయి మబ్బులు చూసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. కనపడ్డా చాలాసార్లు మొదట పలచటి తెల్ల మబ్బులాగే ఉంటుంది, కెమెరాలో చూశాకే ఆకుపచ్చ. పెళ్ళిలో చూపించే ఫోటోలో ఉన్నంత రంగు కంటికి చాలాసార్లు ఆనదన్న సంగతి మాత్రం ఆ పెళ్ళిలో ఎవరూ చెప్పరు! బలంగా వచ్చిన రాత్రి వేరు. తెర కదులుతుంది, మడతలు పడుతుంది, కింది అంచున గులాబి రంగు పరుగెడుతుంది. అప్పుడు కెమెరా సంగతి ఎవరికీ గుర్తుండదు.

లక్షలు పోసి, రెండు మూడు విమానాలు మారి, ఒంటి మీద అన్ని పొరలు తొడుక్కుని మన మనిషి అక్కడికి పోయి చేసిందేమిటంటే, చీకట్లో మాట్లాడకుండా నిలబడి ఆకాశం చూశాడు. దీన్ని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. మంచి పనే చేశాడు.

ఆకాశంలో వెలుగు తోరణం గురించిన కథ మన జిల్లాలోనే ఒకటుంది. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోట గండి వీరాంజనేయస్వామి గుడి ఉంది. శ్రావణ శనివారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలదు. సీతమ్మను వెతుక్కుంటూ పోతున్న రాముణ్ణి అక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు ఆతిథ్యానికి పిలిచాడని, తిరిగి వచ్చేటప్పుడు ఆగుతానని రాముడు మాటిచ్చాడని స్థలపురాణం. లంక గెలిచి వస్తున్న రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడు. రాముడు ఆగి, బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడు. ఎడమచేతి చిటికెన వేలు మిగిలిపోయింది. ఆ తోరణం ఇప్పటికీ అక్కడే ఉందని, మామూలు కళ్ళకు కనపడదని, పుణ్యాత్ముల కంటనే పడుతుందని, పడ్డవాడికి ఇక ఎక్కువ కాలం ఉండదని నమ్మకం.

దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో ఈ కథలోకి వస్తాడు. 1827లో, సొంత దేశం వెళ్ళేముందు తను పనిచేసిన ఈ ప్రాంతాన్ని ఒకసారి చూసిపోదామని వచ్చాడు. గుర్రం మీద గండిలో పోతూ తలెత్తి, ఆ కొండల మధ్య బంగారు తోరణం కట్టిందెవరని అడిగాడట. వెంట ఉన్నవాళ్ళకు ఏమీ కనపడలేదు. ముసలి బంట్రోతు ఒకడు మాత్రం తల దించుకున్నాడని చెబుతారు. ఆ ఏడాది జులై 6న పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయాడు. ఆయన నిజంగా చూశాడో లేదో తేల్చనక్కర్లేదు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న జనం, పరాయి దొరకు తమ దేవుడి తోరణం కనపడిందని చెప్పుకోవడంలో ఎంత అభిమానం ఉందో చూస్తే చాలు. సామీల పెద్దలు కూడా ధ్రువకాంతిని చూసి ఈల వేయొద్దంటారు. వేస్తే అది కిందికి దిగి మనిషిని ఎత్తుకుపోతుందని వాళ్ళ భయం. ఆకాశంలో వెలుగు కనపడితే అక్కడా ఇక్కడా ముందు భయపడ్డారు, నోరు తగ్గించారు.

ధ్రువకాంతి మాత్రం గండిలో కనపడే అవకాశం లేదు. సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుత్ కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్ళిస్తుంది. నూరు కిలోమీటర్లకు పైన అవి ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చ, ఇంకా పైన 200 కిలోమీటర్లు దాటాక ఎరుపు. నైట్రోజన్‌ను తాకితే నీలం, ఊదా. మనమేమో అయస్కాంత మధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం. మైలవరం సోలార్ పార్కు పలకల మీద పడే ఎండ, ట్రోమ్సో మీద ఆడే వెలుగు ఒకే సూర్యుడివైనా మన వాటా ఎండే. మహా సౌర తుఫాను వచ్చినప్పుడు లెక్క కాస్త మారుతుంది. 1872 ఫిబ్రవరి 4న ఆ వెలుగు బొంబాయి దాకా కనపడింది. 2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడటం కెమెరాలకు చిక్కింది.

అయినా, మన నెత్తి మీద కూడా ఒక ఆకుపచ్చ ఉంది. పగలు ఎండకు విడిపోయిన ఆక్సిజన్ పరమాణువులు రాత్రి మళ్ళీ కలిసేటప్పుడు, దాదాపు అదే ఎత్తున, సరిగ్గా అదే రంగులో సన్నగా వెలుగుతుంది ఆకాశం. ప్రతి రాత్రీ వెలుగుతుంది. మనిషి కంటికి ఆనేంత బలం దానికి లేదు. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన శాల ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఆకాశం మొత్తాన్ని ఒకేసారి పట్టే కెమెరాలతో దాన్ని ఫోటోలు తీసి, పై గాలుల్లో లేచే అలల్ని చదువుతున్నారు. కనపడని తోరణం గురించి చెప్పుకున్న సీమలో, కనపడని వెలుగును చదివే పని కూడా జరుగుతోంది.

ఇక రెండో గండి. జమ్మలమడుగుకు పడమట ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోటు, గండికోట. పాత ఫోటోగ్రాఫర్లను అడిగితే, పదిహేనేళ్ళ కిందట కోట అంచున రాత్రి పడుకుంటే పాలపుంత లోయకు అడ్డంగా తోరణం కట్టినట్టు కనిపించేదని చెబుతారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మబ్బు తక్కువ, చలి ఓర్చుకోగలిగినంతే. తూర్పున మృగశిర, పక్కనే ఎర్రటి ఆరుద్ర, పైన పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికలు. ఇప్పుడు శనివారం రాత్రి అక్కడికి పోతే టెంట్ల వరస, దానికి కట్టిన రంగురంగుల ఎల్‌ఈడీ తీగలు, ఒక్కో గుంపుకు ఒక్కో బ్లూటూత్ స్పీకరు. లోయలోకి పాట వదిలితే ఎదుటి గోడ తిప్పి కొడుతుంది, అదొక సరదా. పొద్దున్నే డ్రోన్ల రొద. టెంట్లు వేసే కుర్రాళ్ళను తప్పుపట్టలేం. వాన లేని ఊళ్ళలో వాళ్ళకు దొరికిన కొత్త బతుకుతెరువు అది, అది ఉండాలి. అడిగిందే వాళ్ళు అమర్చుతున్నారు. అడుగుతున్నది మనం. ట్రోమ్సోలో గైడు ఒక్క మాట అనగానే ఫోను తెర కూడా ఆర్పిన మనమే!

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దారులు, వసతులు, వెలుగులు అన్నీ వస్తాయి. వెలుగుల దగ్గరే ఒక్క నిమిషం ఆగమని అధికారులకు మనవి. హన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించి, వీధి దీపాలకు మూతలు బిగించారు, కిటికీలకు మందపాటి తెరలు వేయించారు, ఊరి యువతకే టెలిస్కోపులిచ్చి శిక్షణ ఇప్పించారు. చుక్కలు చూపించడం ఆ ఊళ్ళలో ఇప్పుడొక ఉపాధి. గండికోట హన్లే అంత ఎత్తున లేదు, అంత నిర్మానుష్యమూ కాదు. అయినా దీపాలన్నీ కిందికి వంగి ఉండేలా, కోట లోపల రాత్రి పది తర్వాత లోయ అంచున ఒక్క దీపమూ లేకుండా, అమావాస్య రాత్రుల్లో స్పీకర్లకు అనుమతి లేకుండా చేయడం కలెక్టరు ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వుతో అయ్యే పని. టెంట్లు వేసే కుర్రాళ్ళలో పదిమందికి గాదంకి వాళ్ళతో రెండు రోజుల తరగతి పెట్టించినా చాలు, తర్వాతి ఏడాదికి వాళ్ళే ఆకాశం చూపించి డబ్బు అడుగుతారు. ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉన్నామని ఆర్కిటిక్‌కు వెళ్ళొచ్చినవాళ్ళు నిరూపించారు.

పాఠకులకు కూడా ఒక మాట. వీలున్నవాళ్ళు ఆర్కిటిక్‌కు తప్పక వెళ్ళండి, వీసాకు ముందుగా దరఖాస్తు పెట్టుకోండి, ఉన్ని బట్టలు కొనుక్కోండి. దానికంటే ముందు ఈ చలికాలం ఒక అమావాస్యకు గండికోట రండి. టార్చి ఆర్పి ఇరవై నిమిషాలు ఆగితే గాని కళ్ళు చీకటికి అలవాటుపడవు, పిల్లలకు ఆ మాట ముందే చెప్పండి. దుప్పటి తెచ్చుకోండి, బొరుగులు తెచ్చుకోండి. స్పీకరు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.