జోడు ఇంజన్ల బొమ్మ విమానం: ఆట కాదు, పనితనం నేర్పే బడి

బాల్సా చెక్కతో కట్టే బొమ్మ విమానం అనగానే, డబ్బున్నవారి పిల్లల సరదా అని తీసిపారేయడం పల్లెల్లో పరిపాటి. వేరుసెనగ పంట చేతికి వస్తుందో రాదో తెలియని రైతుకు ఈ మాట వింతగా తోచడం సహజమే. కాని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పిల్లలకు ఈనాడు కావలసిన చేతిపని ఏది అని ఆలోచిస్తే, రెండు ఇంజన్లతో రేడియో ద్వారా నడిచే చెక్క విమానాన్ని విడి ముక్కల నుంచి కట్టడాన్ని మించిన పాఠం అరుదు. ఈ పని ఉన్నత పాఠశాలల్లోకి, ఐ.టి.ఐ.లలోకి రావలసి ఉన్నది.

ఈ విమానం పెట్టె తెరిస్తే లోపల విమానం కనిపించదు. పలుచని చెక్క రేకులు, సన్నని బద్దలు, కొద్దిగా ప్లైవుడ్, ఉక్కు తీగ, ఒక పెద్ద నక్షా కాగితం మాత్రమే ఉంటాయి. మోటార్లు, బ్యాటరీ, రేడియో పరికరం చాలావరకు విడిగా కొనుక్కోవలసినవే. నక్షాను బల్లమీద పరచి, దానిపై మైనపు కాగితం వేసి, ఒక్కొక్క ముక్కను గుండుసూదులతో నిలిపి జిగురు పెట్టాలి. రెక్కలో పొడవునా దూలం, దానికి అడ్డంగా పక్కటెముకల వంటి పలకలు ఉంటాయి. ఇల్లు కట్టే మేస్త్రీకి, బండి చేసే వడ్రంగికి ఈ అమరిక చూడగానే బోధపడుతుంది. ఒక పలక వంకరగా నిలిస్తే రెక్క మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రెక్కతో విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. చేసిన తప్పు దాచుకోవడానికి ఈ పనిలో చోటు లేదు.

బాల్సా చెట్టు దక్షిణ అమెరికా ఖండానిది. ఆ చెక్క ముఖ్యంగా ఈక్వడార్ దేశం నుంచి వస్తుంది. ఒక ఘనపుటడుగు టేకు చెక్క సుమారు 18 కిలోలు తూగితే, అంతే పరిమాణం గల బాల్సా నాలుగైదు కిలోలు మాత్రమే తూగుతుంది. చేతికి బెండులా తేలికగా ఉన్నా, బరువుకు తగ్గ బలంలో తీసిపోయేది కాదు. గాలిమరల రెక్కల లోపల కూడా చాలాచోట్ల దీనినే వాడుతున్నారు. రామగిరి కొండలమీద గాలిమరలు తిరగడం చూస్తూ పెరిగిన పిల్లలకు, తేలికైన వస్తువుకు బలం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న కొత్తది కాకూడదు.

ధర్మవరం నేతగాళ్లకు ఈ పనితో దగ్గరి బంధుత్వమే ఉన్నది. ఇప్పుడంటే రెక్కలకు ప్లాస్టిక్ పొర పరచి ఇస్త్రీ పెట్టె వేడితో బిగిస్తున్నారు గాని, పూర్వం పెద్ద బొమ్మ విమానాలకు పలుచని పట్టుబట్ట కప్పి, దానిపై వార్నిషు వంటి ద్రవం పూసి డప్పు చర్మంలా బిగువెక్కించేవారు. బట్టలో పడుగు ఎటు, పేక ఎటు అన్నది చూసి మరీ పరచేవారు. చిన్న ఇంజన్లకు పోసే నూనెలో మన చేలగట్ల మీద పండే ఆముదం కలిపేవారు, నేటికీ కలుపుతున్నారు. ఎక్కడి విద్యో అనుకునేదానికి కావలసిన సరుకు, సంస్కారం మన ఊళ్లలో ఇంతగా ఉన్నాయి.

జిగురు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, ప్రాణాలు నిలబడేది దానిమీదనే. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వారు మస్కిటో అనే రెండు ఇంజన్ల విమానాన్ని బాల్సాను ప్లైవుడ్ పొరల మధ్య అతికించి నిర్మించారు. అది 1940 నవంబరులో తొలిసారి ఎగిరింది. వేగంలో ఆ కాలపు లోహ విమానాలతో పోటీ పడింది. అటువంటిది కూడా 1944లో భారతదేశంలో వాడుతుండగా కొన్ని గాలిలోనే విరిగిపోయాయి. అతుకులు విడిపోవడమే ఇందుకు కారణంగా కనిపించింది. బల్లమీద జిగురు ఆరేవరకు ఓపిక పట్టడం నేర్చిన కుర్రవాడు రేపు ఏ కర్మాగారంలో చేరినా ఆ ఓపికను వెంట తీసుకుపోతాడు.

ఒక్క ఇంజను చాలదా, రెండెందుకు అని కొందరు అడగవచ్చు. తొలి పాఠానికి ఒకటి కూడా అవసరం లేదు. చేత్తో విసిరే చెక్క గ్లైడరుతో మొదలుపెట్టి, ఏడాది గడిచాక ఒక ఇంజనుకు, ఆ తరువాతనే రెండింటికి రావాలి. అయితే రెండు ఇంజన్లు నేర్పే పాఠం వేరు. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి మొరాయిస్తే, రెండవది లాగిన కొద్దీ బండి పక్కకు తిరుగుతుంది. విమానమూ అంతే. ఎడమ ఇంజన్ ఆగిపోతే కుడిది లాగి, ముక్కును ఎడమకు తిప్పుతుంది. తెలియనివాడు కంగారుపడి మరింత వేగం ఇస్తాడు. విమానం గిర్రున తిరిగి నేల కూలుతుంది. తెలిసినవాడు పనిచేస్తున్న ఇంజన్ జోరు కూడా తగ్గించి, ముక్కు కాస్త వంచి, తిన్నగా దింపుకుంటాడు. బలం ఉన్నవైపు బలం పెంచితే నష్టమని చేత్తో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

అసలు విమానాల్లో ఈ పాఠం ఎంత కఠినమో బెంగళూరు చూసింది. అక్కడి జాతీయ విమాన పరిశోధన సంస్థ తయారుచేసిన సారస్ అనే రెండు ఇంజన్ల విమానం 2004లో తొలిసారి ఎగిరింది. 2009 మార్చి 6న రెండవ నమూనా విమానంతో, గాలిలో ఒక ఇంజన్ ఆపి తిరిగి నడిపించే పరీక్ష చేస్తుండగా అది బిడది సమీపంలో కూలిపోయి ముగ్గురు వైమానిక దళ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. బొమ్మ విమానం కూలితే పోయేది చెక్క. ఆ చెక్కతోనే పిల్లలు ముందుగా నేర్చుకోవడం మేలు.

చెక్కతో నేర్చి లోహానికి పోవడం పెద్దలు నడిచిన దారే. 1940లో ప్రారంభమైన బెంగళూరు విమాన కర్మాగారంలో మారుత్ అనే రెండు ఇంజన్ల యుద్ధ విమానాన్ని రూపొందించినప్పుడు, మొదట అదే కొలతలతో ఇంజన్ లేని చెక్క గ్లైడరును నిర్మించి 1959లో ఎగురవేసి చూశారు. అందులో తేలిన గుణదోషాలు గమనించిన పిమ్మటనే 1961 జూన్ 17న అసలు మారుత్ గాలిలోకి లేచింది. హిందూపురానికి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఆ రైలు మార్గంమీదనే ఉన్నాయి. ఈ రైళ్లలో మన యువకులు ఏళ్ల తరబడి కూలిపనులకు పోతూనే ఉన్నారు. నక్షా చదవగల చేతులతో పోయేవారి సంఖ్య పెరగవలసి ఉన్నది. పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత, ఆ చేతులకు ఇంటి దగ్గరే గిరాకీ ఏర్పడింది.

ఇందుకు కొత్త పథకం ఏదీ అక్కరలేదు. ఎన్.సి.సి. వైమానిక విభాగం శిక్షణలో విమాన నమూనాల నిర్మాణం ఎప్పటినుంచో ఒక భాగం. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం కింద ఎంపికైన ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. 50 వేల ప్రభుత్వ పాఠశాలల్లో ఇటువంటివి నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ డబ్బుతో కొన్న పరికరాలు బీరువాలో తాళం వెనుక ఉండిపోతే ప్రయోజనం శూన్యం. మూడు పట్టణాల్లోనూ ఒక్కొక్క బడిలో ఒక పొడవైన బల్ల, ఒక వడ్రంగి, ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. బల్ల దగ్గర ఆడపిల్లలకు సగం చోటు ఉండాలి. సన్నని పనిలో మగ్గాల ఇళ్ల పిల్లలను మించినవారు ఎవరు?

తయారు డ్రోను కొని ఇస్తే సరిపోదా అనే వాదన కూడా లేకపోలేదు. కొన్న డ్రోను దానంతట అదే నిలబడుతుంది; ఎందుకు నిలబడిందో పిల్లవాడికి చెప్పదు. కట్టిన విమానం మాత్రం, బరువు సమానంగా తూగే చోటు రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకు, మూడో వంతుకు మధ్య లేకపోతే ఎగరనని మొండికేస్తుంది. లెక్కల పుస్తకంలోని భిన్నాలకు అక్కడ అర్థం తెలుస్తుంది.

జాగ్రత్తలు తప్పనిసరి. తిరిగే ప్రొపెల్లర్ వేలు తెగగొట్టగలదు. లిథియం బ్యాటరీని చార్జింగుకు పెట్టి వదిలిపోతే నిప్పంటుకునే ప్రమాదం ఉన్నది. జనం, పశువులు, కరెంటు తీగలు లేని ఎండిన చెరువు బయలు గాని, పంట తీసిన చేను గాని ఎంచుకోవాలి. పెద్దవారు దగ్గర లేనిదే ఎగురవేయరాదు. 2021 డ్రోను నిబంధనల్లో, 2 కిలోల వరకు బరువు ఉండి వ్యాపారానికి కాక ఎగురవేసే వాటికి పైలట్ లైసెన్సు మినహాయింపు ఇచ్చారు గాని, నిషిద్ధ ప్రాంతాల ఆంక్షలు అందరికీ వర్తిస్తాయి. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉన్నది గనుక, ఉపాధ్యాయులు ముందుగా నిబంధనలు, పటం చూసుకుని, పోలీసు వారికి తెలిపి చేయడం శ్రేయస్కరం.

తొలి విమానం బహుశా కూలుతుంది. ముక్కలు ఏరుకుని మళ్లీ అతికించడమే ఆ రోజు పాఠం. పంట పోయినా మరుసటి ఏడు విత్తనం వేసే రైతు బిడ్డకు ఆ పాఠం ఒకరు చెప్పనక్కర లేదు. చేయడానికి బల్ల ఒకటి చూపితే చాలు. జిల్లా విద్యాశాఖ అధికారులు, పాఠశాలల యాజమాన్య కమిటీలు, దాతలు వచ్చే విద్యా సంవత్సరానికైనా ఈ మూడు ఊళ్లలో ఆ బల్లలు వేయించవలసి ఉన్నది. పిల్లల తల్లిదండ్రులు కూడా తమ బడిలో ఈ ప్రశ్న అడగాలి.