నాడి చూడకుండానే ఆపరేషనా?

అమెరికాలో మనవాళ్ళ మొదటి కారు కథ దాదాపు ఒకేలా ఉంటుంది. ఊరు మారిపోతున్న సీనియర్ దగ్గర ఓ పాత కారు చవగ్గా కొనేస్తాం. నాదీ అంతే. 2008 మోడల్, ఆటోమేటిక్. పోయిన చలికాలంలో ఓ పొద్దున్న ఆఫీసుకెళ్తుంటే హైవే మీద ఇంజను ఒకటే గోల, గేరు మాత్రం పైకి మారదు. 'చెక్ ఇంజన్' దీపం కూడా వెలిగింది.

దగ్గర్లో ఉన్న షాపాయన ఓ చుట్టు తిప్పి చూసి, "ట్రాన్స్‌మిషన్ పోయింది, మార్చాలి. 2,800 డాలర్లు" అన్నాడు. బానెట్ కూడా ఎత్తలేదు! కారు ఖరీదే అంతుండదు. ఇంకా చదువు అప్పు తీరలేదు. తుక్కు కింద అమ్మేద్దామనుకున్నాను.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే అనిపించింది. లాగ్ ఫైలు తెరవకుండా "మొత్తం తిరగరాయాలి" అనేవాళ్ళు మా ఆఫీసులోనూ ఉన్నారు. (మనలో మాట, నేనూ అన్నాను.) ఈయన చేసిందీ అదే కదా?

ముందు చూడాల్సింది ఆయిలు. డిప్‌స్టిక్ ఉన్న కార్లలో అది పైసా ఖర్చులేని పని. ఎలా చూడాలో కారు పుస్తకంలో ఉంటుంది, ఎందుకంటే కొన్నింటికి ఇంజను నడుస్తుండగా చూడాలి, కొన్నింటికి ఆపి. ఎర్రగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసనొస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నట్టు. పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్ళు కలిసినట్టు. నాది కాస్త ముదురు ఎరుపు, వాసన లేదు.

తర్వాత కోడ్. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే పెట్రోలు కార్లన్నిటికీ ఓబీడీ-2 ప్లగ్ ఉంటుంది. నా 20 డాలర్ల రీడరు పీ0700 అని చూపించింది. అది జబ్బు పేరు కాదు. "ట్రాన్స్‌మిషన్ కంప్యూటరు ఏదో చెప్పాలనుకుంటోంది, వెళ్ళి దాన్నడుగు" అని మాత్రమే. అసలు కోడ్ చదవాలంటే మంచి స్కానరుండాలి.

రెండో మెకానిక్ పరీక్షకే 130 డాలర్లడిగాడు. చూసి చెప్పడానికి అంతా అని నా ప్రాణం ఉసూరుమంది. తప్పక ఒప్పుకున్నాను. ఆయన స్కానర్లో పీ0753 వచ్చింది, అంటే ఒక షిఫ్ట్ సోలెనాయిడ్ కరెంటు దారిలో లోపం. మీటరు పెట్టి వెతికితే కనెక్టర్లో పచ్చగా చిలుము! సిగ్నల్ అందక కంప్యూటరు కారుని ఒకే గేరులో బిగించేసింది. పెద్ద నష్టం జరక్కుండా అది తీసుకునే జాగ్రత్తే. కనెక్టరు మార్చి మొత్తం 210 డాలర్లు తీసుకున్నాడు.

అన్నిసార్లూ ఇంత అదృష్టం ఉండదు. ఆయిలు మాడి, పాన్‌లో లోహపు ముక్కలు కనిపిస్తే మొదటాయన మాటే నిజమయ్యేది. కానీ ఆయన చూసి చెప్పలేదు, నా అభ్యంతరమల్లా అదే.

అలా చూడని మెకానిక్‌లు ఉన్నారంటే తప్పు కొంత మనదీనూ. మందుకి వందలు పోస్తాం, నాడి చూసినందుకు ఇవ్వడానికి మనసొప్పదు. రోజంతా బగ్గులు వెతికి జీతం తీసుకునే నేనే 130 డాలర్లకి గింజుకున్నాను. ఇకమీదట ఎవరైనా "మార్చాలి" అంటే ఒక్కటే అడుగుతాను: "ఏం చూసి చెప్తున్నారు?"

మీరూ అడగండి.