చివరి రోజు రశీదులు ఏమవుతున్నాయి?

బైతుల్‌మాల్ లెక్కలు నేడు పలుచోట్ల పుస్తకాల నుంచి కంప్యూటర్‌లోకి మారుతున్నాయి. ప్రతి రశీదుకూ సొమ్ము, పద్దు, తేదీ, సమయం నమోదు చేయడం సంతోషించదగిన విషయమే. అయితే యంత్రం చూపిన మొత్తాన్ని పరిశీలించకుండా అంగీకరించరాదని మా మనవి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్‌ఆన్ స్వయంగా పేర్కొన్నది. ఆ సొమ్ము వేరే పద్దులో కలిసిపోతే నష్టపోయేది హక్కుదారులే.

డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. 1970వ దశకంలో ఐబీఎం సంస్థలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దీనిని రూపొందించారు. ఇందులో 'వేర్' అనే మాట తరువాత షరతులు వ్రాస్తాము. వాటికి సరిపోయిన నమోదులే బయటికి వస్తాయి. తక్కినవి ఉన్నట్టు కూడా మనకు తెలియదు.

మొదటి చిక్కు చివరి రోజుతో వస్తుంది. మార్చి 1కి, 31కి నడుమ అని 'బిట్వీన్'తో అడిగామనుకుందాం. సమయం కూడా నమోదై ఉన్నప్పుడు, ఉత్త తేదీ వ్రాస్తే యంత్రం దానిని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగానే గ్రహిస్తుంది. అందువల్ల 31వ తేదీ పగలంతా వచ్చిన రశీదులు జారిపోతాయి. "మార్చి 1 మొదలుకొని, ఏప్రిల్ 1 కంటే ముందు" అని అడగడమే సరైన పద్ధతి.

రెండవది 'ఆండ్', 'ఆర్' మాటల చిక్కు. "జకాత్ ఆర్ సదఖా ఆండ్ మార్చి నెల" అన్న వరుసలో షరతులు పెడితే, యంత్రం ముందుగా 'ఆండ్'ను కలుపుతుంది. అప్పుడు మార్చి నెల షరతు సదఖాకే పరిమితమై, అన్ని సంవత్సరాల జకాత్ మొత్తంలోకి వచ్చి చేరుతుంది. రెండు పద్దులనూ కుండలీకరణాలలో ఉంచితే ఈ పొరపాటు జరగదు.

మూడవది రమజాన్ లెక్క. 2024లో తెలుగు ప్రాంతాలలో మార్చి 12న మొదటి ఉపవాసం, ఏప్రిల్ 11న ఈద్. మన దినం మగ్రిబ్‌తో ఆరంభమవుతుంది, యంత్రం దినం అర్ధరాత్రితో. కనుక మార్చి 11 మగ్రిబ్ నుంచి ఏప్రిల్ 10 మగ్రిబ్‌కు ముందు వరకు అడగాలి. ఫిత్రా మాత్రం ఈద్ నమాజ్‌కు ముందు వరకు అందుతుంది గనుక, దాని హద్దును ఏప్రిల్ 11 ఉదయానికి జరపాలి. పద్దు మారితే గడువూ మారుతుంది.

నివేదికపై సంతకం చేసే ముందు బాధ్యులు రెండు పనులు చేయాలి. మొదటి రోజు, చివరి రోజు నమోదులను రశీదు పుస్తకంతో పోల్చాలి. తరువాత, ఒకే గడువుకు పద్దులవారీ సొమ్ములను కూడి, పద్దు షరతు లేకుండా తీసిన మొత్తంతో సరిచూడాలి. తేడా కనిపిస్తే, ఏదో రశీదుపై పద్దు ఖాళీగా ఉన్నదనో, 'జకాత్'కు బదులు 'జకాతు' అని నమోదైనదనో గ్రహించి వెదకాలి. ఆ రశీదు దొరికిన తరువాతే సంతకం చేయాలి.