ఫ్లైఓవర్‌కు బల్దియా ఖజానా, బస్సుకు మన జేబు



2025 అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా అయిదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు అదనం. సిటీకి 2,800 ఎలక్ట్రిక్ బస్సులు వస్తాయట. వాటికి పది కొత్త డిపోలు, చార్జింగ్ స్టేషన్లు కావాలట. అందుకు 392 కోట్లు ఖర్చవుతుందట. ఆ ఖర్చు మన టికెట్‌లో కలిపారు. ఆ ఏడాది జూన్‌లోనే ఆర్డినరీ పాసును 1,150 నుంచి 1,400కు పెంచిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ దెబ్బ మానకముందే ఇది రెండో దెబ్బ.

పోను పది, రాను పది. నెలకు పాతిక రోజులు డ్యూటీకి పోయే మనిషికి 500 రూపాయలు. ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు కాబట్టి ఈ పది కట్టేది ఎవరో తెలిసిందే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, హోటల్ సర్వర్, లేత్ మిషన్ మీద నిలబడి పనిచేసే కుర్రాడు. బండి కొనే స్తోమత ఉంటే వీళ్లు ఈపాటికే బస్సు దిగిపోయేవాళ్లు.

బాలానగర్ చౌరస్తాకు ఓ సాయంత్రం రండి. ఫ్యాక్టరీలు వదిలే వేళకు 219 నంబరు బస్సు వస్తుంది, ఎడమ పక్కకు ఒరిగి. స్టాపులో ఆగదు, దాటి ముందుకెళ్లి ఆగుతుంది. టిఫిన్ డబ్బాలు చేత్తో పట్టుకుని జనం దాని వెంట పరుగు. ఎక్కగలిగినవాడు ఎక్కుతాడు. కండక్టర్ టికెట్ మిషన్‌ను తల మీదకెత్తి పట్టుకుని, పటాన్‌చెరు ఎవరు, బీహెచ్‌ఈఎల్ ఎవరు అని కేకేస్తుంటే నోట్లు చేతులు మారుతూ ఆయన దాకా పోతాయి. చిల్లర వెనక్కి రావడానికి రెండు స్టాపులు పడుతుంది. ఎక్కలేకపోయినవాళ్లు చౌరస్తాలో అలాగే నిలబడి ఉంటారు.

వాళ్ల నెత్తిన ఫ్లైఓవర్ ఉంది. 2021 జూలైలో ప్రారంభించారు. కట్టించింది నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ. అయిన ఖర్చు 387 కోట్లు. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి: వంతెనకు 387, డిపోలకు 392. ఆ వంతెన ఎక్కే కారును ఆపి పది రూపాయలు ఇవ్వమని ఇన్నేళ్లలో ఎవరైనా అడిగారా? అడగరు. వంతెన అంటే అభివృద్ధి, దాని డబ్బు ఖజానాలోంచి వస్తుంది. బస్సు డిపో అంటే నష్టం, దాని డబ్బు వాచ్‌మన్ జేబులోంచి రావాలి. మన కరపత్రం ఈ పద్ధతి మీదే.

మన నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి, అంటే బల్దియాకు, డబ్బు లేదనే మాట కొత్తది కాదు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు హైకోర్టు ఇదే అడిగింది: సిటీ బస్సుల నష్టంలో జీహెచ్‌ఎంసీ ఇవ్వాల్సిన వాటా ఏమైంది? అంతకుముందు బల్దియా 336 కోట్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. ఇంకా వెయ్యి కోట్లకు పైగా రావాలని ఆర్టీసీ లెక్క. మా ఆర్థిక పరిస్థితి బాగాలేదు, ఇచ్చి తీరాల్సిన బాధ్యతా మాకు లేదు అని బల్దియా కోర్టుకు చెప్పుకుంది.

బాగాలేదా? 2018 ఫిబ్రవరిలో ఇదే బల్దియా బాండ్లు అమ్మి 200 కోట్లు తెచ్చింది, 8.9 శాతం వడ్డీకి. ఆ ఆగస్టులో 195 కోట్లు, 9.38 శాతానికి. 2019 ఆగస్టులో 100 కోట్లు, 10.23 శాతానికి. అన్నీ ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల పథకం కింద కట్టే ఫ్లైఓవర్లకూ అండర్‌పాస్‌లకే. అంటే కోర్టులో చేతులెత్తేయడానికి రెండు మూడు నెలల ముందు వంతెనల కోసం పది శాతం దాటిన వడ్డీకి అప్పు చేసింది. ముంబై స్టాక్ ఎక్స్చేంజీలో గంట కొట్టి సంబరాలు చేసుకున్న సంస్థకు ఆర్టీసీ బకాయి గుర్తుకొచ్చేసరికి జేబు చిరిగిపోయింది. అప్పు పుట్టనివాడు ఇవ్వలేనంటే అర్థం చేసుకుంటాం. అడిగినప్పుడల్లా అప్పు పుడుతున్నవాడు లేదంటే దాన్ని ఎగవేత అంటారు.

ఆ సమ్మె ముగిశాక ఏం చేశారు? సిటీలో వెయ్యికి దగ్గరగా బస్సులు తగ్గించేశారు. కొన్నింటిని సరుకు బళ్లుగా మార్చారు. లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలన్నది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం. కోటి మంది నగరానికి ఆరు వేలు కావాలి. మన దగ్గర అందులో సగం మాట అటుంచండి, 219లో నిలబడటానికి చోటుందా?

హెచ్‌ఎండీఏ సంగతి చూద్దాం. 2023 ఆగస్టులో కోకాపేటలో 45 ఎకరాలు వేలం వేస్తే 3,319 కోట్లు వచ్చాయి. ఒక ప్లాటులో ఎకరం వంద కోట్లు దాటింది. సగటు ధర చూసినా మన మీద రుద్దిన 392 కోట్లకు ఆరెకరాలు కూడా అక్కర్లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ కార్ల పందెం ముంగిట హెచ్‌ఎండీఏ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు దింపింది, ఒక్కోటి రెండు కోట్ల పైమాటే. అవి హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరిగాయి. పటాన్‌చెరు వైపు తిరగలేదు. మరుసటి ఏడాది జరగని పందెం కోసం దాదాపు 55 కోట్లు కట్టారు, దాని మీద కేసు కూడా అయింది. ఇప్పటివాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారు? 2024లో కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు జంక్షన్లకు 826 కోట్లు మంజూరు చేశారు. పార్టీ మారింది, సిమెంటు మోజు మారలేదు.

ఉచిత బస్సు వల్లే ఇదంతా అనేవాళ్లున్నారు. ఆడవాళ్లు బస్సెక్కితే ఎక్కువ బస్సులు వేయాలి గానీ మగవాళ్లకు జరిమానా వేస్తారా? మెట్రో ఉందిగా అంటారు. మెట్రో మియాపూర్‌లో ఆగిపోతుంది, పైగా 2025 మే నెలలో దాని చార్జీలూ పెరిగాయి. ఆర్టీసీ రాష్ట్రానిది, బల్దియాకేం సంబంధం అనేది ఇంకో వాదన. పుణెలో బస్సు సంస్థను పుణె, పింప్రి-చించ్వడ్ నగరపాలికలు 60:40 లెక్కన భరిస్తున్నాయి. ముంబైలో 1947 నుంచీ బెస్ట్ నగరపాలికదే. అహ్మదాబాద్ బస్సులూ అంతే. మన దగ్గర 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టినప్పుడు పెట్టుబడి పెట్టింది రైల్వేనే గానీ ప్రయాణికుడు కాదు. అద్దె ఇంట్లో ఉండి, అద్దెలో కలిపి ఇంటిపన్ను కడుతున్నవాడికి బల్దియా బాకీ లేదని ఏ లెక్కలో తేల్చారు?

రోడ్డు, రైలు, బస్సు, మెట్రో అన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి సమన్వయం చేయడానికని హెచ్‌ఎండీఏ చట్టంతోపాటు 2008లోనే ఉమ్మడి రవాణా సంస్థ వచ్చింది. పేరు ఉమ్టా. ఎప్పుడైనా ఎక్కడైనా విన్నారా?

అడిగేది ఎక్కువేమీ కాదు. ఈ 392 కోట్లు హెచ్‌ఎండీఏ, జీహెచ్‌ఎంసీ భరించాలి, టికెట్‌పై వేసిన అదనపు చార్జీ ఎత్తేయాలి. ఎలక్ట్రిక్ బస్సుల్లో 2,000 కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద కేటాయించినవే. అవి నిలిచే జాగా, వాటికి కరెంటు కూడా మనమే కొనివ్వాలంటే ఇక పాలకులెందుకు? 2025-26లో 8,440 కోట్లున్న బల్దియా బడ్జెట్‌లో సిటీ బస్సులకంటూ ఏటా విడిగా ఒక పద్దు ఉండాలి. ఆ వాటా దయాధర్మం కాకుండా, ఇచ్చి తీరాల్సిందేనని చట్టంలో రాయాలి. అది రాసేదాకా కొత్త ఫ్లైఓవర్‌కు ఒక్క టెండరు కూడా పిలవకూడదు. అవును, ఒక్కటి కూడా.

 బల్దియా బడ్జెట్ ఏటా స్టాండింగ్ కమిటీ ముందుకు వస్తుంది. మీ కార్పొరేటర్‌కు ఫోన్ చేయకండి, ఇంటికే వెళ్లండి, నలుగురితో కలిసి వెళ్లండి. బడ్జెట్‌లో సిటీ బస్సు పేరిట ఎంత రాయించారు అని అడగండి. వేరే కబుర్లలోకి దించితే మళ్లీ అదే అడగండి. సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టండి. ఆ రోజు కొన్న బస్సు టికెట్‌ను అర్జీకి గుండుసూదితో గుచ్చండి, అదనంగా పది పడిన టికెట్ ధర కింద ఎర్ర పెన్నుతో గీత గీయండి. రసీదు ఇచ్చేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.