మనవడికి ఉచితం, నానమ్మకు నాలుగు వేలు

బుధవారం, శనివారం వచ్చాయంటే హైదరాబాద్ మౌలాలి చుట్టుపక్కల బస్తీల్లో పసిపిల్లల టీకాల హడావుడి. తల్లి పనికి పోయిన ఇళ్లలో బిడ్డను ఎత్తుకొచ్చేది నానమ్మో, అమ్మమ్మో. ఆరు వారాల బిడ్డకు ఆ రోజు నోట్లో చుక్కలతో పాటు మూడు సూదులు: ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు పీసీవీ, కుడి భుజానికి పోలియో. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నానమ్మ భుజాన వేసుకుని వీపు నిమురుతుంది. కుడి తొడకు వేసిన సూది ఏ జబ్బును ఆపడానికో, ఆ జబ్బు ఆమె ప్రాణానికీ ముప్పే. కానీ ఆ గదిలో ఆమె కోసం టీకా లేదు.

ఆ జబ్బుకు కారణమైన న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఎక్కువగా కాపురముండేది చిన్నపిల్లల ముక్కుల్లోనే. పిల్లలకు ఏమీ తెలియనివ్వకుండానే ఇంట్లో ముసలివాళ్లకు అంటుకుంటుంది. అరవై ఐదు దాటినవాళ్లకు, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది న్యుమోనియాగా ముదురుతుంది, ఒక్కోసారి రక్తంలోకి, మెదడు పొరల్లోకీ పాకుతుంది. పైగా వయసు పైబడినవాళ్లలో జ్వరం, దగ్గు గట్టిగా కనబడకపోవచ్చు. తిండి మానేయడం, మాట తికమకపడటం, మంచం దిగకపోవడం, చాలాసార్లు ఇవే మొదటి గుర్తులు. ‘వయసు మీద పడింది కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆస్పత్రిలో చెప్పేసరికి ఆక్సిజన్ పెట్టాల్సిన పరిస్థితి.

అప్పుడు ప్రభుత్వం ముందుకొస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 9న 10 లక్షల రూపాయలకు పెంచింది. కేంద్రం 2024 అక్టోబర్‌లో 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏటా 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయవందన కార్డు తెచ్చింది. రెండూ మంచి పథకాలే, కాదనేవారు లేరు. కానీ ఈ లక్షలన్నీ మనిషి ఆస్పత్రి మంచం ఎక్కాకే కదులుతాయి. ఆ మంచం ఎక్కే అవసరాన్ని కొంతైనా తగ్గించే టీకాకు మాత్రం జేబులోంచి తీయాలి. ప్రైవేటు క్లినిక్‌లో 13 రకాల న్యుమోకాకస్‌ను అడ్డుకునే పీసీవీ డోసు ఒక్కటే నాలుగు వేల రూపాయల దాకా పలుకుతుంది. పింఛను మీద బతికే ముసలమ్మ ఆ డబ్బు పెడుతుందా? పెట్టదు, పెట్టమని అడగడమూ భావ్యం కాదు. 2017–18లో జరిగిన ‘లాసి’ జాతీయ సర్వే ప్రకారం దేశంలో 45 ఏళ్లు దాటినవారిలో ఈ టీకా వేయించుకున్నది 0.6 శాతమే.

మౌలాలి సంగతే చూడండి. లోకోషెడ్‌లోనో, అణు ఇంధన సముదాయంలోనో చేసి రిటైరైనవారికి సంస్థల వైద్య సదుపాయం ఉంది. రైల్వేవాళ్లకు లాలాగూడ ఆస్పత్రి ఎలాగూ దగ్గరే. అదే పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు కాంట్రాక్టు మీద వెల్డింగ్ చేసిన మనిషికి బీపీ మాత్రకైనా, షుగర్ మాత్రకైనా బస్తీ దవాఖానాయే దిక్కు. లోహపు పొగ పీల్చేవారికి న్యుమోకాకస్ న్యుమోనియా ముప్పు ఎక్కువని గుర్తించి, బ్రిటన్ తన వెల్డర్లకు కూడా ఈ టీకా ఆలోచించమని డాక్టర్లకు చెబుతోంది. ఇక్కడి షెడ్లలో కళ్లకు నల్లద్దాలు దొరికితేనే గొప్ప.

బయటి దేశాలు ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నాయి. హాంకాంగ్ 2009లో వృద్ధుల టీకాలకు ప్రైవేటు డాక్టర్ల దగ్గర కూడా సబ్సిడీ మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా 2020 జులై నుంచి 70 ఏళ్లవారికి ఉచితంగా వేస్తోంది. మనకు ఎక్కువగా పనికొచ్చేది జపాన్ పద్ధతి. 2014 అక్టోబర్‌లో ప్రారంభించినప్పుడు అందరికీ ఒకేసారి వేయలేదు. ఆ ఏడాది 65, 70, 75... ఇలా అయిదేసి ఏళ్ల అంతరంతో ఆయా వయసులు నిండేవారిని మాత్రమే పిలిచింది. మరుసటి ఏడాది తర్వాతి జట్టు. ఖజానా మీద భారం కొన్నేళ్లకు సర్దుబాటయింది, ఎవరి వంతు ఎప్పుడో వాళ్లకు ముందే తెలిసింది.

అభ్యంతరాలు లేకపోలేదు, అవి కొట్టిపారేయదగ్గవీ కావు. నెదర్లాండ్స్‌లో 65 దాటిన 84 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. టీకాలో ఉన్న రకాల వల్ల వచ్చే న్యుమోనియా సుమారు 46 శాతం తగ్గింది, రక్తంలోకి పాకే తీవ్ర వ్యాధి 75 శాతం తగ్గింది. అంటే అన్ని న్యుమోనియాలకూ ఇది మందు కాదు. పైగా పిల్లలకు టీకా వేస్తే పెద్దలకూ రక్షణ కొంత దక్కుతుందని విదేశాల అనుభవం. మన దేశంలో పీసీవీ 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది. ఆ ఫలం పెద్దలకు అందేదాకా ఆగమనేవాళ్లున్నారు. ఆగడానికి డెబ్బై ఐదేళ్ల మనిషి దగ్గర ఎన్నేళ్లున్నాయి? అందరికీ వేయడం ఖర్చనుకుంటే 70 దాటి, షుగరో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవారితో మొదలుపెట్టవచ్చు. బీపీ, షుగర్ పరీక్షల్లో తేలిన పేర్లు ఆరోగ్య శాఖ దగ్గర ఉన్నవే.

వేసే యంత్రాంగం కొత్తగా కట్టక్కర్లేదు. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవారికి కొవిడ్ టీకా వేసింది పిల్లలకు టీకాలు వేసే ఈ సిబ్బందే. హజ్‌కు వెళ్లే 65 ఏళ్లు పైబడిన యాత్రికులకు ప్రభుత్వం ఫ్లూ టీకా వేస్తూనే ఉంది. ఫ్లూ టీకా ఏటా కావాలి, న్యుమోకాకస్ టీకా అయితే కొత్త రకాల్లో ఒక్క డోసుతో పనైపోతుంది.

ఇక మిగిలింది ధర. పిల్లల కోసం సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తన పీసీవీని గావీ కూటమికి డోసు 2 డాలర్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది. టోకున కొంటే ధర ఎక్కడికి దిగుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు. హైదరాబాద్ కంపెనీ బయొలాజికల్ ఇ తయారుచేసిన 14 రకాల టీకాకు 2022 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి వచ్చింది, అయితే అది పసిపిల్లలకు. దేశీయ టీకాలను వృద్ధులపై పరీక్షించి అనుమతి తెచ్చుకోమని కంపెనీలను పిలిచి, ఇన్ని లక్షల డోసులు కొంటామని ముందే రాసివ్వగలిగింది ప్రభుత్వమే. ఆలోగా కనీసం వయవందన, ఆరోగ్యశ్రీ కార్డులున్నవారికి ఇప్పుడు మార్కెట్లో ఉన్న టీకా ధరలో సగమైనా భరించవచ్చు. వచ్చే బడ్జెట్‌లో ఇందుకు ఒక పద్దు తెరిచి, మేడ్చల్-మల్కాజిగిరి లాంటి ఒక జిల్లాతో మొదలుపెడితే, ఎంతమంది వచ్చారో, ఎంత ఖర్చయిందో ఏడాదిలో తేలిపోతుంది.